మ్యాటీ గుడ్డ మీద తిన్నగా కుట్టిన చేతికి నీడిల్‌పాయింట్ కాన్వాసు ఎందుకు ఐమూలగా సాగిపోతోంది?

మ్యాటీ_చిలక (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను కొన్నేళ్ళుగా డాలస్ దగ్గర ఉంటున్నాను. ఏలూరులో చదువుకునే రోజుల్లో బడిలో కుట్లు, అల్లికల పీరియడులో మ్యాటీ గుడ్డ మీద క్రాస్‌స్టిచ్ నేర్చుకున్నాను. మా పుట్టింటి గుమ్మం పైన అద్దం కట్టించి పెట్టిన రెండు చిలకలూ, వాటి మధ్య 'స్వాగతం' అన్న అక్షరాలూ నేను తొమ్మిదో తరగతిలో కుట్టినవే. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, సూది పట్టడం నాకు కొత్త కాదు. అందుకే ఇప్పుడు వచ్చిన చిక్కు నాకు అంతు పట్టడం లేదు.

మా పక్కింటి పెద్దావిడ, కళ్ళు సహకరించక తాను కుట్టలేనంటూ, రంగులు వేసి ఉన్న నీడిల్‌పాయింట్ (కాన్వాసు ఎక్కడా కనబడకుండా కుట్లతో నింపేసే పని) కాన్వాసు ఒకటి ఊలుతో సహా నాకు ఇచ్చారు. అంగుళానికి 13 రంధ్రాలున్న కాన్వాసు అది. బొమ్మ పది అంగుళాల చదరం: మధ్యలో పళ్ళబుట్ట, చుట్టూ నీలిరంగు నేల. చట్రం ఏమీ లేకుండా, మ్యాటీ గుడ్డను పట్టుకున్నట్టే చేతిలో పట్టుకొని, కుడి నుంచి ఎడమకు ఒక వరుస కుట్టి, చివరికి రాగానే కాన్వాసును తలకిందులుగా తిప్పి మళ్ళీ కుడి నుంచి ఎడమకు కుట్టుకుంటూ వచ్చాను. మూడు నెలల్లో పళ్ళబుట్ట పూర్తయి, నేలలో ఒక మూల మొదలయ్యేసరికి చదరం కాస్తా ఒరిగిపోయింది. బల్ల మీద పరిచి స్కేలు పెట్టి చూస్తే పై అంచు కింది అంచు కంటే ఒకటిన్నర అంగుళం పక్కకు జరిగి ఉంది. దారం చివరికి వచ్చేసరికి ఊలు సన్నబడి, కుట్ల సందుల్లో కాన్వాసు తెల్లగా కనిపిస్తోంది. వెనక వైపు సంగతి చెప్పనే అక్కరలేదు, పిచ్చుకగూడులా ఉంది.

మొదటి రోజు నుంచే ఏయే అలవాట్లు చేసుకొని ఉండవలసిందో అనుభవమున్నవారు దయచేసి చెప్పండి. దీన్ని విప్పేసి మళ్ళీ మొదలుపెట్టాలా, లేక బాగుచేసుకునే దారి ఏమైనా ఉందా?

పడుగుపేక

మ్యాటీ_చిలక గారూ, మీ చేతిలో లోపమేమీ లేదు. మీరు ఎంచుకున్న కుట్టులో ఉంది. క్రాస్‌స్టిచ్‌లో ప్రతి గుణకారపు గుర్తుకూ రెండు కాళ్ళుంటాయి. ఒక కాలు గుడ్డను ఇటు లాగితే రెండోది అటు లాగుతుంది, కనుక గుడ్డ ఎక్కడిదక్కడే ఉంటుంది. నీడిల్‌పాయింట్‌కు ఆధారమైన టెంట్ కుట్టులో ఆ రెండో కాలు లేదు. పది అంగుళాల చదరంలో, అంగుళానికి 13 రంధ్రాల లెక్కన, 16,900 కుట్లు పడతాయి. అన్నీ ఒకే ఐమూలకు వాలి ఉంటాయి. ప్రతి కుట్టూ వెంట్రుకవాసి లాగినా చాలు, చదరం ఒరగక మానదు.

టెంట్ కుట్టును మూడు విధాలుగా వేయవచ్చు. పైనుంచి చూస్తే మూడూ ఒకటిగానే కనిపిస్తాయి, తేడా అంతా వెనకనే ఉంటుంది. హాఫ్‌క్రాస్‌లో వెనక పొట్టి నిలువు గీతలు మాత్రమే పడతాయి. దారం తక్కువ పడుతుంది కానీ వెనక నిండదు, పైగా పోగులు పెనవేసుకోకుండా మామూలుగా నేసిన మోనో కాన్వాసు మీద కుట్లు పోగుల కూడలిలోకి జారిపోతాయి. మీరు వర్ణించినది కాంటినెంటల్; అందులో వెనక కూడా పొడవాటి ఏటవాలు గీతలు, ముందు కుట్లు వాలిన వైపుకే వాలి ఉంటాయి. అంటే ముందూ వెనకా రెండూ కలిసి ఒకే వైపుకు గుంజుతాయన్న మాట. మూడోది బాస్కెట్‌వీవ్. దీన్ని అడ్డ వరుసల్లో కాక ఐమూల వరుసల్లో, ఒకసారి కిందికి దిగుతూ, ఒకసారి పైకి ఎక్కుతూ కుడతారు. దిగేటప్పుడు సూది వెనకగా నిలువునా, ఎక్కేటప్పుడు అడ్డంగా పోతుంది కనుక వెనక వైపు బుట్ట అల్లిక లాంటి నేత తయారవుతుంది. నిలువు లాగుడూ అడ్డ లాగుడూ సరిసమానమై కాన్వాసు నిలుస్తుంది. హాఫ్‌క్రాస్ కంటే ఇంచుమించు ఒకటిన్నర రెట్లు దారం పడుతుందన్న మాట నిజమే. కానీ ఆ దారమే వెనక ఆస్తరులా ఉండి దిండుకు మన్నిక ఇస్తుంది.

బాస్కెట్‌వీవ్‌లో ఒక కిటుకు ఉంది. కాన్వాసును వెలుతురులో పట్టుకొని చూడండి: పడుగూ పేకా కలిసే ప్రతి కూడలిలో ఒకచోట నిలువు పోగు పైన ఉంటే, పక్క కూడలిలో అడ్డ పోగు పైన ఉంటుంది. మీరు కుట్టబోయే ఐమూల వరుసలో నిలువు పోగు పైన ఉంటే కొబ్బరిచెట్టు దిగినట్టు కిందికి దిగాలి, అడ్డ పోగు పైన ఉంటే మెట్లెక్కినట్టు పైకి ఎక్కాలి. ఇది పాటించకుండా రెండు వరుసలు వెంటవెంటనే ఒకే దిశలో కుడితే, పూర్తయ్యాక ముందు వైపు సన్నని ఐమూల గీత కనిపిస్తుంది. ఎంత సాగదీసినా పోదు. ఇంటర్‌లాక్ కాన్వాసులో పోగులు కూడలి దగ్గర ఒకదానితో ఒకటి పెనవేసి ఉంటాయి కనుక ఈ ఆనవాలు దొరకదు, అక్కడ వరుసలను జ్ఞాపకం పెట్టుకోవలసిందే. అందుకే నేను వరుస చివర ఎన్నడూ పని ఆపను. వరుస మధ్యలోనే సూదిని వదిలేస్తాను. మర్నాడు కూర్చున్నప్పుడు ఎక్కుతున్నానో దిగుతున్నానో అదే చెబుతుంది.

ఇక చట్రం విషయం. మన దగ్గర మగ్గం వర్క్ చేసేవారు గుడ్డను చట్రానికి బిగించనిదే సూది ముట్టరు. ఇక్కడా అదే పద్ధతి. దుకాణాల్లో జతలుగా దొరికే చెక్క పట్టెలు నాలుగు తెచ్చి, మూలల్లో ఒకదానిలో ఒకటి దిగగొట్టి, కాన్వాసును ప్రతి పట్టె నడిమధ్య నుంచి మొదలుపెట్టి మూలల వైపుకు అంగుళానికొకటి చొప్పున పిన్నులు గుచ్చుతూ బిగించండి. బొమ్మకు నాలుగు వైపులా రెండేసి అంగుళాలు వదిలి ఉంటే మీకు 14 అంగుళాల పట్టెలు సరిపోతాయి. కాన్వాసు డప్పు చర్మంలా ఉండాలి. కుట్టేకొద్దీ వదులవుతుంది కనుక మధ్యమధ్య పిన్నులు తీసి మళ్ళీ బిగించాలి. ఇలా బిగించాక సూదిని ఒకే ఊపులో లోపలికీ బయటికీ తీయడం వీలుపడదు. ఒకసారి పొడిచి కింద అందుకోవాలి, మళ్ళీ కిందినుంచి పొడిచి పైన అందుకోవాలి. మొదటి వారం విసుగు పుడుతుంది, తర్వాత అది లేనిదే చేయి సాగదు.

గోదావరి_పోగు

పడుగుపేక గారు కాన్వాసు సంగతి వివరంగా చెప్పారు కనుక నేను దారం దగ్గరికి వస్తాను. మ్యాటీ_చిలక గారూ, మీరు దారాన్ని ఎంత పొడవు తీసుకుంటున్నారో రాయలేదు. మన బళ్ళలో నేర్పిన కొలత ఒకటుంది: చేయి బారచాపి తీసుకున్నంత దారం. మ్యాటీకి అది చెల్లుతుంది. గంజి పెట్టి గరుకుగా ఉండే కాన్వాసుకు చెల్లదు. నేనొకసారి కూర్చొని లెక్క వేశాను: 13 కాన్వాసు మీద 18 అంగుళాల ఊలుతో, మొదట్లోనూ చివరా వెనక దాచే ముక్కలు పోగా, సుమారు యాభై కుట్లు పడతాయి. అంటే సూదికి దగ్గరగా ఉన్న కొస వంద సార్లు ఆ గరుకు రంధ్రాల గుండా ఒరుసుకొని వెళుతుంది. దారం రెట్టింపు పొడవుంటే ఆ కొసకు రెండు వందలకు మించిన ఒరిపిడి. ఊలు సన్నబడి తెల్ల చుక్కలు కనబడటానికి ముఖ్యమైన కారణం ఇదే. ఊలుకైనా నూలుకైనా 18 అంగుళాలు దాటకండి. జరీ దారమైతే 12 నుంచి 15 అంగుళాలే మేలు.

ఊలుకు నూగు ఒక వైపుకు పడుకొని ఉంటుంది. పోగును పెదవి మీద గానీ బుగ్గ మీద గానీ ఒకసారి ఇటు, ఒకసారి అటు లాగి చూస్తే ఏ వైపు నునుపో తెలుస్తుంది. నునుపుగా జారే దిశలోనే కాన్వాసులోంచి పోయేటట్టు సూదికి ఎక్కించాలి. మీకిచ్చినది మూడు పోగులుగా విడిపోయే పర్షియన్ ఊలైతే 13 కాన్వాసుకు రెండు పోగులు సాధారణంగా చాలు. ఆరు పోగుల నూలు లచ్చి వాడేటప్పుడు పోగులను ఒక్కొక్కటిగా విడదీసి, మళ్ళీ పక్కపక్కన చేర్చి ఎక్కించుకుంటే పురి విడి కాన్వాసును బాగా కప్పుతాయి. ఈ పనిని చాలామంది సమయం వృథా అనుకుంటారు. విడదీసినదాన్నీ విడదీయనిదాన్నీ నాలుగేసి వరుసలు పక్కపక్కన కుట్టి చూడమనండి, ఆ తర్వాత మాట్లాడుదాం.

కుట్టేటప్పుడు మణికట్టు కదలికకు దారం పురి ఎక్కి మెలికలు పడుతుంది. పది, పదిహేను కుట్లకొకసారి సూదిని వదిలేసి వేలాడనిస్తే అదే గిరగిరా తిరిగి పురి విప్పుకుంటుంది. సూదిని కూడా ఒకసారి చూసుకోండి. మొన మొద్దుగా ఉండే టేపెస్ట్రీ సూదే కావాలి. 13 కాన్వాసుకు 20 నంబరు, 18 కాన్వాసుకు 22 నంబరు సరిపోతుంది. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నమవుతుంది. రంధ్రంలో వేసిన సూది పోగులను ఒరుసుకోకుండా జారిపోవాలి, అదే పరీక్ష.

మరొకటి. పైకి వచ్చేటప్పుడు ఖాళీ రంధ్రంలోంచి రావాలి, కిందికి వెళ్ళేటప్పుడు అప్పటికే దారమున్న రంధ్రంలోకి వెళ్ళాలి. తిరగేసి చేస్తే ముందున్న కుట్టు నూగును సూది పైకి ఎత్తుకొస్తుంది. పసుపు పక్కన నలుపు కుట్టినప్పుడు ఈ తప్పు ఎంత ఘోరంగా కనబడుతుందో నా మొదటి దిండు చూస్తే తెలుస్తుంది, ఇప్పుడది అటక మీద ఉంది.

సూది_బెజ్జం

పై ఇద్దరు చెప్పినవాటిలో చాలావరకు ఒప్పుకుంటాను కానీ, చట్రం విషయంలో నాది వేరే మాట. నేను రోజూ రైల్లో గంటంబావు ప్రయాణిస్తాను, కుట్టేది అప్పుడే. 14 అంగుళాల పట్టెలతో పక్కవాడి ఒళ్ళో మోచేయి పెట్టి కుట్టలేను కదా. బాస్కెట్‌వీవ్ కుట్టు, వదులైన చేయి, ఈ రెండూ ఉంటే చేతిలో పట్టుకొని కుట్టినా కాన్వాసు పెద్దగా ఒరగదని నా అనుభవం. కుట్టు కాన్వాసు మీద పడుకోవాలి, దానిలోకి కోసుకుపోకూడదు. దారాన్ని బిగించాలన్న కోరిక కలిగిన ప్రతిసారీ ఆగితే చాలు. అయితే సాటిన్ కుట్ల వంటి పొడవాటి కుట్లూ, పట్టుదారమూ ఉన్న చోట నేను కూడా చట్రానికే పోతాను, అక్కడ వాదన లేదు. (మగవాడికి రైల్లో ఈ పనేమిటని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో భీమకాయుడని పేరున్న రోజీ గ్రియర్ 1970లలోనే నలుగురి ముందూ నీడిల్‌పాయింట్ కుట్టేవాడని వారికి చెబుతుంటాను.)

మీ పిచ్చుకగూడుకు కారణం దారపు ముడులు. దారం కొసన ముడి వేసి వెనక వదిలేస్తే ముందు వైపు గుబ్బలా తేలుతుంది, ఎప్పుడో ఒకరోజు జారి బయటికి వస్తుంది. ముడిని ముందు వైపునే, మొదటి కుట్టుకు అంగుళం దూరంలో, మీరు కుట్టబోయే దారిలో వేయండి. కుట్టుకుంటూ అక్కడికి చేరేసరికి వెనకనున్న దారం కుట్ల కింద బందీ అయిపోతుంది, అప్పుడు ముడిని కత్తిరించేయవచ్చు. ముగించేటప్పుడు వెనక కుట్ల కిందుగా అంగుళం మేర దూర్చి, మిగిలిన కొసను అప్పటికప్పుడే మొదలంటా కత్తిరించాలి. తర్వాత కత్తిరిద్దామని వదిలిన కొసే పక్క రంగులోకి ఈడ్చుకొస్తుంది. బాస్కెట్‌వీవ్‌లో ఈ కొసలను నిలువుగానో అడ్డంగానో దూర్చాలి కానీ ఐమూలగా దూర్చకూడదు. ఐమూలగా పోతే ముందు వైపు గట్టులా లేస్తుంది. ఒక పండు నుంచి ఇంకో పండుకు వెనకగా దారాన్ని అంగుళానికి మించి లాక్కుపోకండి. లేత రంగు వెనకగా ముదురు దారం పోతే అరంగుళమైనా నీడలా కనిపిస్తుంది.

మ్యాటీ_చిలక

ముగ్గురికీ ధన్యవాదాలు. కాళ్ళ లెక్క చదివాక మా చిలకలు ఎందుకు ఒరగలేదో ఇన్నాళ్ళకు అర్థమైంది. ఇప్పుడు రెండు సందేహాలు. పళ్ళబుట్ట అంతా కాంటినెంటల్‌లో ఉంది కదా, నేలను బాస్కెట్‌వీవ్‌లోకి మార్చవచ్చా? మార్చాలంటే నేలలో ఇప్పటికే కుట్టిన మూల, సుమారు రెండంగుళాల చదరం, ఏం చేయాలి?

పడుగుపేక

రంగు మారే గీత దగ్గర కుట్టు మార్చితే ఎవరికీ తెలియదు. ఒకే రంగు నేల మధ్యలో మార్చితే మాత్రం రెండు కుట్లూ కలిసే చోట మిట్టపల్లాల తేడా సన్నని గీతగా కనబడుతుంది. రెండంగుళాల చదరమంటే 676 కుట్లు. ఇప్పుడు విప్పడమే నయం, సగం నేల పూర్తయ్యాక ఆ గీత చూసి బాధపడేకంటే.

లచ్చి_దారం

విప్పడం గురించి ఒక హెచ్చరిక చేయడానికే ఖాతా తెరిచాను. నాలుగేళ్ళ క్రితం, రాత్రి పదకొండు దాటాక, చాలీచాలని వెలుతురులో ఒక తప్పు వరుస విప్పుతూ ఊలుతో పాటు కాన్వాసు పోగులు రెండు కత్తిరించేశాను. ఆ నిమిషంలో కలిగిన నీరసం మాటల్లో చెప్పలేను. అదే కొలత కాన్వాసు ముక్కను అంగుళం చదరంగా కత్తిరించి, రంధ్రానికి రంధ్రం కలిసేటట్టు వెనక పెట్టి, రెండు పొరలనూ కలిపి కుట్టడంతో గండం గడిచింది. ఇప్పటికీ ముందునుంచి చూస్తే తెలియదు, చేత్తో తడిమితే మాత్రం అక్కడ మందంగా తగులుతుంది.

అందుచేత విప్పేటప్పుడు కత్తెర మొనను కాన్వాసులోకి దించకండి. ముందు వైపు నుంచి మొద్దు సూదితో కుట్టును కొంచెం పైకి లేపి, ఆ లేచిన ఊలును మాత్రమే చిన్న కత్తెరతో తుంచి, వెనకనుంచి పట్టకారుతో ముక్కలు లాగేయాలి. ఒకేసారి నాలుగైదు కుట్లకు మించి తుంచవద్దు. విప్పిన ఊలును మళ్ళీ వాడదామనే ఆశ పెట్టుకోకండి, అది అప్పటికే నలిగిపోయి ఉంటుంది. విప్పడం పగలే పెట్టుకోవాలి, దీపం కింద ఎంత అవసరమున్నా వద్దు. తెల్ల కాన్వాసైతే ఒళ్ళో ముదురు రంగు గుడ్డ పరుచుకుంటే రంధ్రాలు స్పష్టంగా కనిపిస్తాయి.

నీలం ఊలు సరిపోతుందా అన్నది విప్పకముందే తూచుకోండి. ఒకే నంబరు నీలమైనా, అద్దకం విడత మారితే ఛాయ మారుతుంది. పక్కింటావిడ ఏ కాలంలో కొన్నారో ఏమో, అదే విడత ఇప్పుడు దొరకడం కష్టం. చాలదని తోస్తే పాత ఊలునూ కొత్త ఊలునూ ఒక్కో పోగు చొప్పున కలిపి సూదికి ఎక్కించి, ఆ రెండింటి మధ్య కొన్ని వరుసలు నడిపితే మార్పు కళ్ళకు కొట్టినట్టు కనబడదు.

గోదావరి_పోగు

మన ఊళ్ళలో ఉండి ఈ చర్చ చదివేవారి కోసం ఒక మాట. రంగులు వేసిన కాన్వాసులు ఇక్కడ సులువుగా దొరకవు, దొరికినా ధర భరించడం కష్టం. మ్యాటీ గుడ్డను చట్రానికి బిగించి, యాంకర్ కంపెనీ నూలు లచ్చిల నుంచి గుడ్డ కప్పబడేటన్ని పోగులు తీసుకొని, బాస్కెట్‌వీవ్ వేసి చూడండి. నీడిల్‌పాయింట్ అంత మందం, గట్టిదనం రావు. అయినా ఎక్కడమూ దిగడమూ చేతికి అలవాటు కావడానికి ఇంతకంటే చవకైన దారి లేదు, రెండంగుళాల ముక్క చాలు.

మ్యాటీ_చిలక

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. నీలం మూలను మూడు మధ్యాహ్నాలు కూర్చొని విప్పాను, కాన్వాసుకు గాయమేమీ కాలేదు. పట్టెలకు బిగించేటప్పుడు కాన్వాసు అంచులను పట్టెల నడిమి గుర్తులకు తెచ్చి పిన్నులు గుచ్చితే, ఒకటిన్నర అంగుళాల వాలు అరంగుళానికి దిగింది. మిగిలిన అరంగుళం పూర్తయ్యాక తడిపి సాగదీస్తే పోతుందా?

పడుగుపేక

చాలావరకు పోతుంది. ముందుగా కాన్వాసు అంచున, కుట్టు లేని చోట, రంగుల మీద తడిగుడ్డ అద్ది చూడండి. రంగు దిగితే నీళ్ళ జోలికి పోవద్దు. ఊలుకూ కాన్వాసుకూ రంగు దిగకపోతే, మెత్తని చెక్క మీద గళ్ళ కాగితం, దాని మీద పలుచని ప్లాస్టిక్ పరిచి, పనిని బోర్లా పెట్టి, నీళ్ళు చిలకరించి, గళ్ళ గీతల వెంట సాగదీస్తూ తుప్పు పట్టని పిన్నులు గుచ్చండి. పూర్తిగా ఆరేదాకా, ఒకటి రెండు రోజులు, కదపవద్దు. పట్టుదారంగానీ జరీగానీ కలిసి ఉంటే ఈ పని చేయకూడదు. మీది అంతా ఊలే కనుక ఫరవాలేదు. ఆరాక విప్పితే కొద్దిగా వెనక్కు పోవచ్చు, రెండోసారి అలాగే చేయండి.

మ్యాటీ_చిలక

అంచు అద్ది చూశాను, తడిగుడ్డ తెల్లగానే ఉంది. నిన్న రాత్రి నేలలో మొదటి పద్నాలుగు ఐమూల వరుసలు పూర్తయ్యాయి. సూది ఎక్కే వరుస మధ్యలో ఆగి ఉంది. ఒక చోట మాత్రం చెట్టు దిగవలసింది మెట్లెక్కాను, ఆ వరుసను ఈ పూట పగటి వెలుతురులో విప్పుతాను.